ఎవరి కుక్క అన్నది తర్వాత, టీకా ముందు

పాడి గేదె మేత మానేస్తుంది. నోటి నుంచి చొంగ తీగలా కారుతుంటుంది. గొంతులో మామిడి టెంకో ఇంకేదో ఇరుక్కుందేమోనని రైతు వట్టి చెయ్యి లోపలికి పెట్టి వెతుకుతాడు. ఏమీ దొరకదు. సాయంత్రానికి గేదె గొంతు మారిపోతుంది. బొంగురుగా, ఆగకుండా అరుస్తూ కట్టుకొయ్యను కుమ్ముతుంది. మూడు నాలుగు రోజుల్లో పడిపోయి చచ్చిపోతుంది. అప్పుడు ఇంట్లో ఎవరికో గుర్తొస్తుంది, నెల కిందట చెరువు గట్టు మీద ఓ కుక్క దాని మూతి కరిచిందని. ఆ మాట బయటికి రాగానే వీధంతా కదిలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు నిలబడుతుంది. పాలు పోయించుకున్నవాళ్లు, పెరుగు తిన్నవాళ్లు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులు, అందరి మొహాల్లోనూ టెన్షనే. పిచ్చికుక్క కాటుతో వచ్చే ఈ జబ్బు రేబిస్. దాని వైరస్ కాచిన పాలల్లో బతకదు. పచ్చిపాలు తాగకూడదు కానీ, పాల ద్వారా మనుషులకు రేబిస్ సోకుతుందని రుజువు కాలేదు. అసలు ప్రమాదం నోట్లో చెయ్యి పెట్టిన రైతుది. పలుపు రాసుకుని చర్మం చీరుకుపోయిన ఆ చేతికి పశువు లాలాజలం తగిలింది. వరసలో అందరికంటే ముందు నిలబడాల్సిన ఆ మనిషి చాలాసార్లు ఇంటి దగ్గర కళేబరాన్ని పూడ్చే పనిలో ఉంటాడు.

పశువైద్యులకు ఇది కొత్త కాదు. రేబిస్ మీద మాట్లాడేటప్పుడు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఇందులో ప్రతి దశలోనూ ఒక నిబంధన ఉంది. ఆ కుక్కకు టీకా వేయించి ఉండాల్సింది. కరిచిన రోజే గేదెకు సూదుల కోర్సు మొదలవ్వాల్సింది. జబ్బు అనుమానం రాగానే ఊళ్లో అధికారికి చెప్పి ఉండాల్సింది. చట్టంలో ఇవన్నీ ఏదో ఒక చోట రాసే ఉన్నాయి. అయినా ఏ ఒక్కటీ సమయానికి అందలేదు. కారణం ఏమిటని వెతికితే, నిర్లక్ష్యం కంటే ముందు, నిబంధనలు అల్లుకున్న తీరులోనే ఒక లోపం కనిపిస్తుంది.

ముందుగా జబ్బు స్వభావం. రేబిస్ వైరస్ కాటుతో శరీరంలోకి వెళ్లి, నరాల వెంట నెమ్మదిగా మెదడుకు చేరుతుంది. ఆ ప్రయాణానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. అరుదుగా వారంలోపే జబ్బు బయటపడవచ్చు, ఏడాది దాటాక కూడా బయటపడవచ్చు. మెదడుకు చేరాకే వైరస్ లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. అంటే జబ్బు సోకిన కుక్క కూడా, లక్షణాలు కనిపించడానికి కొద్ది రోజుల ముందు దాకా ఎవరికీ అంటించలేదు. లక్షణాలు మొదలయ్యాక ఎక్కువ కాలం బతకదు, మామూలుగా 10 రోజుల్లోపే చనిపోతుంది. కుక్కకాటు కేసుల్లో డాక్టర్లు 10 రోజులు కుక్కను గమనించమనేది ఈ లెక్క మీదే. కరిచిన 10 రోజుల తర్వాత కూడా కుక్క ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరిచిన రోజున దాని లాలాజలంలో వైరస్ లేనట్టే. ఈ లెక్క కుక్కలకూ పిల్లులకూ మాత్రమే పనికొస్తుంది, గేదెకో కోతికో పనికిరాదు. పైగా 10 రోజులు చూశాక టీకా వేయించుకుందామని ఆగడం ప్రాణాంతకం. కాటు పడగానే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు మొదటి సూది వేయించుకోవాలి. కారం, సున్నం, ఆకు పసరు లాంటివి గాయం మీద పెట్టకూడదు. 10 రోజుల గమనింపు ఆ తర్వాత డోసుల సంగతి తేల్చుకోవడానికి పనికొచ్చే సమాచారం, అంతే.

మనుషుల్లో లక్షణాలు కనిపించాక దాదాపు చికిత్స లేదు. కాబట్టి ఈ జబ్బును మనిషి దగ్గర ఆపుదామనుకుంటే ప్రతిసారీ ఆఖరి నిమిషంలో ఆపడమే అవుతుంది. దాన్ని తీరిగ్గా, ముందుగా ఆపగలిగేది కుక్కలోనే. మన దేశంలో జంతువుల కాట్లలో నాలుగింట మూడు వంతులు కుక్కలవే. గేదెకు, మేకకు, పిల్లికి సోకేది కూడా ఎక్కువగా కుక్క నుంచే. పెంపుడు జంతువుల్లో రేబిస్ అదుపు అంటే మొదట కుక్కల్లో అదుపు. ఆ పని చెయ్యాల్సింది ఢిల్లీ కాదు, రాష్ట్ర రాజధాని కూడా కాదు. మున్సిపాలిటీ, పంచాయతీ, మండలంలోని పశువైద్యశాల.

ఈ స్థానిక సంస్థల చేతిలో ఏముంది? మొదటిది, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కేంద్రం 2023 మార్చిలో నోటిఫై చేసిన జంతు జనన నియంత్రణ నిబంధనలు. ఇంగ్లీషు పేరు (యానిమల్ బర్త్ కంట్రోల్) పొడి అక్షరాలతో అందరూ ఏబీసీ రూల్స్ అంటారు. 2001 నాటి కుక్కల నిబంధనల స్థానంలో ఇవి వచ్చాయి. వీటి ప్రకారం పెంపుడు కుక్కకు టీకా, నులిపురుగుల మందు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ యజమాని బాధ్యత. వీధి కుక్కల విషయంలో అదే బాధ్యత స్థానిక సంస్థది. వీధి కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. పిచ్చి పట్టిందని అనుమానం ఉన్న కుక్కను మాత్రం విడిగా ఉంచి, సహజంగా చనిపోయేదాకా కనిపెట్టాలి.

రెండోది, పశువుల్లో అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009. దీని జాబితాలో రేబిస్ ఉంది. పశువుకు ఆ జబ్బు ఉందని అనుమానం వస్తే యజమాని గానీ, దాని బాగోగులు చూసేవాళ్లు గానీ గ్రామాధికారికో పంచాయతీకో చెప్పాలి, అక్కడి నుంచి పశువైద్యుడికి కబురు వెళ్లాలి, జబ్బు పశువును మందలోంచి వేరు చెయ్యాలి. ఈ చట్టం ఉందని తెలిసిన రైతులు తక్కువ. తెలిసిన సర్పంచులు కూడా తక్కువేనేమో.

మూడోది మున్సిపల్ లైసెన్సు. హైదరాబాద్ లాంటి నగరాల్లో పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవాలి, దానికి రేబిస్ టీకా వేసినట్టు పశువైద్యుడి ధ్రువపత్రం చూపాలి. చెన్నై కార్పొరేషన్ 2025లో ఇంకాస్త గట్టిగా వెళ్లి, లైసెన్సుతో పాటు కుక్కకు గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ తప్పనిసరి చేసింది, లేకపోతే 5,000 రూపాయల జరిమానా అంది. నాలుగోది క్రిమినల్ చట్టం. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఇదివరకు పాత శిక్షాస్మృతి ఐపీసీలో 289వ సెక్షన్‌గా ఉన్నది ఇదే.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అన్నీ మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఈ కుక్క ఎవరిది? యజమాని ఉంటే ఒక దారి, లేకపోతే మరో దారి. చాలా సంపన్న దేశాల్లో ఈ ప్రశ్నకు సమాధానం తేలిక. తెలుగు ఊళ్లలో అంత తేలిక కాదు. ఉదయం ఒక ఇంటి అరుగు మీద పడుకుంటుంది, మధ్యాహ్నం ఎదురింటి వాళ్లు పెట్టే అన్నం తింటుంది, రాత్రి వీధి చివర కిరాణా కొట్టుకు కాపలా ఉంటుంది. దానికి ఒక పేరు కూడా ఉంటుంది, పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తుంది. అది ఎవరినైనా కరిచిన రోజున మాత్రం ముగ్గురూ ఒకటే మాట చెబుతారు: "మాది కాదండీ, ఊరికే వచ్చి పడుకుంటుంది." వాళ్లు చెప్పేది అబద్ధం కూడా కాదు. మన దగ్గర ఊరి కుక్క అనే మాట ఉంది, చట్టం మాత్రం దాన్ని యజమాని లేని వీధి కుక్కగానే చూస్తుంది. యజమాని ఉన్న కుక్క లెక్కలోకి రాదు కాబట్టి పశువైద్యశాలకు ఎవరూ తీసుకుపోరు. పంచాయతీకి కుక్కలు పట్టే బండీ లేదు, ఆపరేషన్ థియేటరూ లేదు. అలా మధ్యలో ఉన్న కుక్కలే ఊళ్లలో ఎక్కువ, టీకా అందనివీ అవే. వైరస్‌కు మాత్రం కుక్క ఎవరిదన్న పట్టింపు లేదు.

రెండో లోపం ఇంకా లోతైనది. ఏబీసీ నిబంధనల పేరులోనే ఉంది, ఇవి జనన నియంత్రణ కోసం పుట్టినవి. దానికి చరిత్ర ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి మున్సిపాలిటీలకు తెలిసిన ఒకే పద్ధతి చంపడం. ఏళ్ల తరబడి చంపినా కుక్కలూ తగ్గలేదు, రేబిస్సూ తగ్గలేదు. ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధి కుక్కలు వచ్చేవి, మిగిలినవాటి పిల్లలు ఎక్కువగా బతికేవి. చెన్నైలోని బ్లూ క్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ 1960లలోనే దీనికి బదులు ఆపరేషన్, టీకా చెయ్యమని కోరింది. అక్కడి కార్పొరేషన్ 1996లో ఆ దారికి వచ్చింది. తర్వాత దేశమంతా అదే నిబంధన అయింది. చంపుడు ఆగడం మంచి మార్పు. కానీ ఆ మార్పులో రెండు వేర్వేరు పనులు ఒకే మూటలో కట్టేశారు. కుక్కల సంఖ్య తగ్గించడం ఒక పని. రేబిస్‌ను ఆపడం ఇంకో పని. మొదటిదానికి ఏళ్లు పడుతుంది, రెండోదానికి వారాలు చాలు. మూటలో కట్టాక రెండోది కూడా మొదటిదాని వేగంతోనే నడవాల్సి వస్తోంది.

చిన్న లెక్క వేసుకుందాం. ఒక పట్టణంలో 5,000 వీధి కుక్కలు ఉన్నాయనుకుందాం. ఆపరేషన్ కేంద్రంలో రోజుకు 20 ఆపరేషన్లు అవుతాయనుకుంటే, అన్నిటికీ 250 పని దినాలు పడుతుంది. అంటే సెలవులు పోను దాదాపు ఏడాది. అది కూడా డాక్టరు సెలవు పెట్టకుండా, బోనులు ఖాళీగా ఉండి, బిల్లులు ఆగకుండా ఉంటే. ఆపరేషన్ అయిన కుక్కను కొన్ని రోజులు ఉంచాలి కాబట్టి బోనులు నిండిపోతాయి. ఈలోగా కొత్త పిల్లలు పుడుతుంటాయి. అదే పట్టణంలో టీకా మాత్రమే వేసే జట్టు రోజుకు 100 కుక్కలను అందుకుంటుందనుకుంటే, ఐదు జట్లకు 10 రోజులు చాలు. థియేటరు అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, బోను అక్కర్లేదు. మంచు పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచిన టీకా సీసాలు (వయల్స్), సిరంజీలు, వల, పట్టడం వచ్చిన మనుషులు ఉంటే చాలు. కుక్కల రేబిస్ టీకా మన దగ్గర దొరకనిది కూడా కాదు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ జంతువులకూ మనుషులకూ రెండిటికీ ఈ టీకాలు తయారు చేస్తోంది.

వారాల్లో ముగించడం ఎందుకంత ముఖ్యం? రేబిస్ తట్టు లాంటి జబ్బు కాదు, ఒక పిచ్చికుక్క సగటున ఒకటి రెండు కుక్కలకు మించి అంటించదు. అందువల్ల సగం కంటే తక్కువ కుక్కలకు రక్షణ ఉన్నా గొలుసు తెగిపోతుంది. మరి ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 శాతం అని ఎందుకంటుంది? వీధి కుక్కల ఆయుష్షు తక్కువ. టీకా వేసినవి కొన్ని చనిపోతాయి, టీకా లేని పిల్లలు పుడతాయి. ఈ నెలలో 70 శాతానికి వేస్తే, వచ్చే ఏడాది ఇదే నెలకు అది ఎంతో తగ్గిపోతుంది. తగ్గినా గొలుసు తెగే హద్దు కంటే పైనే ఉండాలంటే ఒక్క ఊపులో 70 శాతం చేరాలి, మళ్లీ ఏటా చెయ్యాలి. ఏడాది పొడవునా రోజుకు 20 చొప్పున వేసుకుంటూ పోతే ఏ రోజూ ఆ హద్దు దాటకపోవచ్చు. ఖర్చు అంతే అవుతుంది, రక్షణ మాత్రం రాదు.

చెవి గుర్తు సంగతి కూడా ఇలాంటిదే. ఆపరేషన్ అయిన కుక్క చెవి అంచున చిన్న ముక్క కత్తిరిస్తారు. చాలామంది దాన్ని చూసి "దీనికి టీకా అయింది, భయం లేదు" అనుకుంటారు. ఆ గుర్తు ఆపరేషన్ అయిందని చెబుతుంది. ఏ సంవత్సరం అయిందో చెప్పదు. నాలుగేళ్ల కింద ఒక్కసారి టీకా వేసి, మళ్లీ ఎవరూ ముట్టుకోని కుక్కకూ అదే చెవి ఉంటుంది. దాని కాటు పడ్డవాళ్లు చెవిని చూసి ధైర్యపడి ఆస్పత్రికి వెళ్లకపోతే, ఆ గుర్తే ప్రాణం తీసినట్టవుతుంది.

ఈ ముడి విప్పి చూపించిన రాష్ట్రం మన దేశంలోనే ఉంది, గోవా. అక్కడి ప్రభుత్వం, మిషన్ రేబిస్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి గత దశాబ్దంలో చేసిన పని విశేషంగా చూడాల్సింది. ఆపరేషన్లు ఒకవైపు జరుగుతూనే ఉన్నా, టీకాను వాటితో కట్టెయ్యకుండా విడిగా నడిపారు. వీధి కుక్క, పెంపుడు కుక్క అని చూడలేదు. పొద్దున్నే జట్టు వీధిలోకి దిగుతుంది. ఇంటి గేటు లోపల కుక్క ఉంటే యజమాని పట్టుకుంటాడు, అక్కడే వేస్తారు. బయట తిరిగేది, చేతికి చిక్కనిది అయితే ఇద్దరు వల విసురుతారు. కుక్క వలలో చుట్టుకోగానే ఒకరు నడుము దగ్గర ఒత్తిపట్టుకుంటారు, ఒకరు సూది దించుతారు, మరొకరు తల మీద రంగు గీత గీస్తారు. వల ఎత్తగానే అది దులుపుకుని పరిగెడుతుంది. ఫోన్‌లోని యాప్‌లో ఆ కుక్క ఎక్కడుంది, ఆడదా మగదా, యజమాని ఉన్నాడా లేదా అన్నది అప్పటికే ఎక్కిపోతుంది.

ఆ తర్వాతి పని అన్నిటికంటే ముఖ్యమైనది, మన దగ్గర దాదాపు ఎక్కడా లేనిది. టీకా అయిన వెంటనే, రంగు చెరిగిపోకముందే, అదే వీధుల్లో మళ్లీ తిరిగి లెక్క పెడతారు. రంగు ఉన్నవెన్ని, లేనివెన్ని? 70 శాతం రాకపోతే ఆ వార్డుకు జట్టు మళ్లీ వెళుతుంది. ఎన్ని వయల్స్ ఖర్చయ్యాయన్నది కాకుండా వీధిలో ఎన్ని కుక్కలకు రక్షణ ఉందన్నది కొలిచారు. పిచ్చికుక్క అనుమానం వస్తే ఫోన్ చెయ్యడానికి నంబరు పెట్టారు, వచ్చి పట్టుకుని పరీక్ష చేసే జట్టు పెట్టారు, ఆ కుక్క తిరిగిన చుట్టుపక్కల మళ్లీ టీకాలు వేశారు. బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఫలితంగా కుక్కల్లో రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయి. 2018 నుంచి కొన్నేళ్ల పాటు మనుషుల్లో ఒక్క రేబిస్ మరణం కూడా నమోదు కాలేదు. 2021లో గోవా రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకుంది. చిన్న రాష్ట్రం కాబట్టి సాధ్యమైంది అనేవాళ్లుంటారు. తెలుగు రాష్ట్రాల్లో చాలా జిల్లాలు గోవా కంటే పెద్దవి, నిజమే. కానీ ఇది జిల్లా స్థాయిలో, మున్సిపాలిటీ స్థాయిలో చేసే పని కాబట్టి ఒక్కో మున్సిపాలిటీ గోవాలో కొన్నో వంతే. చెన్నై కూడా 2025లో ఆపరేషన్లతో ముడిపెట్టకుండా వీధి కుక్కలకు విడిగా టీకాలు వేయించింది. ఏబీసీ నిబంధనల్లో దీనికి అడ్డు పడే మాట ఏదీ లేదు.

సుప్రీంకోర్టు ఆదేశాల వల్ల 2025లో ఈ చర్చ అంతా మరో వైపు తిరిగింది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ పరిసరాల్లోని వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవీ, అనుమానం ఉన్నవీ, మీదపడి కరిచేవీ మాత్రం వదలకూడదనీ, తిండి పెట్టేందుకు వేరే చోట్లు కేటాయించాలనీ చెప్పింది. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ప్రాంగణాల నుంచి కుక్కలను తీసేసి మళ్లీ అక్కడ వదలవద్దని ఆదేశించింది. పిల్లల మీద దాడులు చూశాక కలిగిన బాధ ఈ ఆదేశాల వెనుక ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడు కుక్కల గుంపు దాడిలో చనిపోయినప్పుడు ఆ దృశ్యం చూసి తల్లడిల్లనివాళ్లు లేరు. అయితే కుక్కల దాడి ఒక సమస్య, రేబిస్ ఇంకో సమస్య. షెల్టరులో చోటు దొరికేది కొద్ది కుక్కలకే. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు 1.53 కోట్లు. షెల్టర్ల మీద చర్చ నడిచినంత సేపూ టీకా మీద లెక్కలు అడిగేవాళ్లు తగ్గిపోతున్నారు. కొన్ని ఊళ్లలో కోపం కొద్దీ విషం పెట్టి కుక్కలను చంపించడం కూడా జరుగుతోంది. అది నేరం. రేబిస్ విషయంలో నష్టం కూడా, ఎందుకంటే విషం తిన్నవాటిలో టీకా అయినవీ ఉంటాయి, వాటి చోటికి టీకా లేనివి వస్తాయి.

కరిచిన కుక్కను కొట్టి చంపడం మరో పెద్ద నష్టం. కాటు పడగానే కర్రలతో వెంటపడతారు. చంపి ఊరి బయట పారేస్తారు. దానితో 10 రోజులు గమనించే అవకాశం పోయింది. ఒకవేళ చనిపోయిన కుక్క మెదడును పరీక్షకు పంపితే నిజం తెలుస్తుంది. బెంగళూరు హెబ్బాళ పశువైద్య కళాశాలలో అంతర్జాతీయ గుర్తింపు ఉన్న రేబిస్ పరీక్షా కేంద్రం ఉంది. కానీ తలకు దెబ్బలు తగిలి, ఎండలో కుళ్లిన కళేబరం నుంచి ఏమీ తేలదు. అందుకే 10 రోజుల గమనింపు అన్నది కుటుంబాల మీద వదిలేసే సలహాగా ఉండకూడదు, స్థానిక సంస్థ చేసే పనిగా ఉండాలి. అమెరికాలోని టెక్సాస్‌లో ఇది ఎలా ఉంటుందో అక్కడ కుక్కలు పెంచుతున్న తెలుగువాళ్లకు తెలుసు. అక్కడి చట్టం ప్రకారం ప్రతి స్థానిక ప్రభుత్వం రేబిస్ నియంత్రణకు ఒక అధికారిని పెట్టాలి. పెంపుడు కుక్క, పిల్లి రెండిటికీ 16 వారాల వయసుకల్లా టీకా పడాలి. కుక్క కరిస్తే ఆ అధికారికి చెప్పి తీరాలి, కుక్క 10 రోజులు నిఘాలో ఉండాలి. యజమానికి ఇష్టమా కాదా అన్న ప్రశ్న రాదు. ఇక్కడి నుంచి అక్కడికి పెంపుడు కుక్కను తీసుకెళ్లాలన్నా అదే కచ్చితత్వం. కుక్కల రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో అమెరికా మన దేశాన్ని ఉంచింది. 2024 ఆగస్టు నుంచి అమలైన నిబంధనల్లో ఆరు నెలల వయసు, మైక్రోచిప్, టీకా పత్రాలు లేనిదే కుక్కను విమానం దించనివ్వరు.

మన దగ్గర లెక్కల పరిస్థితి ఎలా ఉందో రెండు అంకెలు చాలు. పార్లమెంటుకు ఇచ్చిన సమాచారం ప్రకారం 2024లో దేశంలో కుక్కకాట్లు 37 లక్షలకు పైగా, అనుమానిత రేబిస్ మరణాలు 54. 2022-23లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరిశోధకులు ఇంటింటి సర్వే చేసి వేసిన అంచనా ప్రకారం ఏటా జంతువుల కాట్లు దాదాపు 91 లక్షలు, రేబిస్ మరణాలు సుమారు 5,700. యాభై నాలుగు ఎక్కడ, అయిదు వేల ఏడు వందలు ఎక్కడ! ఈ తేడాలో ఉన్నవాళ్లు ఎక్కువగా పల్లెల్లో, ఇంటి దగ్గరే, నీళ్లు చూసి బెదురుతూ చనిపోయినవాళ్లు. ఏ రిజిస్టరులోనూ ఎక్కని మరణం ఏ మున్సిపాలిటీనీ కదిలించదు. కర్ణాటక లాంటి రాష్ట్రాలు మనుషుల్లో రేబిస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించాయి. కుక్కల రేబిస్ గురించి కూడా అంతే గట్టిగా లెక్క ఉండాలి. ఆరోగ్య కేంద్రంలో కుక్కకాటు రిజిస్టరు రోజూ రాస్తారు. ఎవరిని కరిచింది, ఏ ఒంటి భాగం, ఎన్నో డోసు, అన్నీ ఉంటాయి. ఆ కుక్క ఇప్పుడు ఎలా ఉంది అన్న గడి నింపేవాళ్లు లేరు. అదే మండలంలో పశువైద్యశాల ఉంటుంది, కానీ ఆ రిజిస్టరు అక్కడికి వెళ్లదు. ఒకే వారంలో ఒకే వీధి నుంచి నలుగురు కాటుతో వస్తే అది పిచ్చికుక్కే కావచ్చు. ఆ అనుమానం వచ్చేంత దగ్గరగా రెండు ఆఫీసులూ కూర్చోవు.

పశువుల విషయంలో కూడా ఇదే. కుక్క కరిచిన గేదెకు, ఆవుకు కాటు తర్వాత టీకా ఉంది. కరిచిన రోజు, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు, కొందరు డాక్టర్లు 90వ రోజున మరొకటి వేస్తారు. మనుషుల్లాగే గాయం ముందు సబ్బుతో కడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు, తెలంగాణలో గోపాలమిత్రలు ఊరూరా తిరుగుతారు. కరిచిన రోజునే వీళ్లలో ఒకరికి ఫోన్ వెళితే చాలు. వెళ్లకపోవడానికి ఒక కారణం భయం. పిచ్చికుక్క కరిచిందని తెలిస్తే పాలు ఎవరూ పోయించుకోరని, పశువు అమ్ముడుపోదని రైతు దాచిపెడతాడు. పాడి మీద బతికే కుటుంబాన్ని తప్పుపట్టి లాభం లేదు. చెబితే సాయం అందుతుందన్న నమ్మకం కలిగించే నిబంధన కావాలి, టీకా ఉచితంగా ఇంటికి రావాలి. 2009 చట్టంలో కబురు చెప్పాల్సిన బాధ్యత ఉంది, చెప్పిన రైతుకు ఏం దొరుకుతుందన్నది లేదు.

మరి ఒక పంచాయతీ, మున్సిపాలిటీ ఈ రోజు చెయ్యగలిగింది ఏమిటి? కొత్త చట్టం అక్కర్లేదు. ఒక్క తీర్మానం చాలు. ఏటా ఒకే పక్షంలో, అంటే పదిహేను రోజుల్లో, ఊళ్లోని కుక్కలన్నిటికీ, ఎవరివైనా సరే, టీకా. ముందు కుక్కలను లెక్కపెట్టడం, తర్వాత రంగు గీతలు లెక్కపెట్టి 70 శాతం వచ్చిందో లేదో నోటీసు బోర్డు మీద రాయడం. ఆరోగ్య కేంద్రం కాటు రిజిస్టరు వారానికోసారి పశువైద్యశాలకు పంపడం. కరిచిన కుక్కను 10 రోజులు ఎవరు చూస్తారో పేరుతో సహా రాసుకోవడం. వల పట్టేవాళ్లకు ముందే రేబిస్ టీకా వేయించడం మరిచిపోకూడదు. కుక్కలు పట్టే పని చాలా చోట్ల కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులదే. చేతికి మందపాటి తొడుగు, ఒంట్లో టీకా రక్షణ లేకుండా వాళ్లను కుక్కల ముందుకు పంపడం అన్యాయం. పిల్లుల్ని ఈ లెక్కలో చేర్చాలి, ఇప్పటిదాకా టీకా డ్రైవ్‌లలో వాటిని పెద్దగా పట్టించుకోలేదు. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత బూస్టరు, ఏటా ఒకటి అన్నది పిల్లికీ వర్తిస్తుంది. 2021లో విడుదలైన జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌తో మనుషుల మరణాలు సున్నా కావాలంటోంది. ఆ గడువుకు ఎన్నో పక్షాలు మిగిలి లేవు.

ప్రతి ఏడాది జులై 6న, 1885లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజు గుర్తుగా, తెలుగు రాష్ట్రాల్లోని పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఆ పొద్దున ఆస్పత్రి ముందు లాబ్రడార్లు, పామరేనియన్లు గొలుసులతో వరసలో ఉంటాయి. యజమానుల చేతుల్లో ప్లాస్టిక్ కవరులో టీకా కార్డులు ఉంటాయి. మధ్యాహ్నానికి వరస అయిపోతుంది, మంచు పెట్టెలో ఇంకా కొన్ని డోసులు మిగులుతాయి. ఆస్పత్రి గేటు పక్కన, టీ కొట్టు బల్ల కింద, ఆ వీధి కుక్క పొద్దున్నుంచీ అక్కడే పడుకుని ఉంటుంది. దాన్ని లోపలికి తీసుకురమ్మని ఎవరికీ రాసి పెట్టి ఉండదు.